తోడుంటేనే ఎక్కుతుంది

“ఇంక సాలు, గా ఫోను ఇటు తే!” ఈరవ్వ గుమ్మంలో నిలబడి చెయ్యి చాపింది.

కోడలు నిరోష మంచం మీదున్న ఆ ఫోన్‌కు అడ్డంగా జరిగింది. లాప్‌టాప్‌కు నెట్ వచ్చేది అత్త ఫోన్ నుంచే. తన ఫోన్‌లో ఆ రోజు డేటా పొద్దున్నే అయిపోయింది. భర్త నరేందర్ ఫోన్ జేబులో వేసుకుని యూరియా కోసం బోధన్ వెళ్లాడు.

“కొద్దిసేపు ఆగత్తా! రెండింటి లోపట పంపకపోతే నౌకరి పోతది.”

“రాని నౌకరి యాడికి పోతదే? పొద్దుగాల ఒక్కటే ఎక్కియ్యాలంటివి. గది ఇంకా ఒడువలేదా?”

తప్పు ఈరవ్వది కాదు. నిరోష చెప్పింది అలాగే. నిజామాబాద్‌లోని ఒక చిన్న కంపెనీ ఆ పొద్దున వరి ఆకుల ఫొటోలు పంపింది. ఏ ఆకుకు ఏ తెగులు సోకిందో ప్రోగ్రాంతో గుర్తుపట్టించి, మధ్యాహ్నం రెండింటిలోపు జవాబు పంపాలి. గెలిస్తే ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం. డిగ్రీ పూర్తయ్యాక ఇంత దగ్గరగా వచ్చిన అవకాశం ఇదొక్కటే. ప్రోగ్రాం నడవాలంటే కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఎక్కించుకోవాలి. ఒక్కటే కదా అని మొదలుపెట్టింది. ఆ మహాతల్లి ఒంటరిగా వస్తేగా! దానికి ముందు ఇంకోటి కావాలట, ఆ ఇంకోదానికి మరో రెండు కావాలట. నల్లటి తెర మీద పెళ్లి బస్సులోంచి చుట్టాలు దిగినట్టు పేర్లు దిగుతూనే ఉన్నాయి.

“గది ఒక్కటే రాదత్తా. దానికి తోడు కావాల్సినవన్నీ ముందుగాల్ల రావాలె. ఒక్కటి తక్కువైనా ఎక్కది.”

“మన రాజవ్వ లెక్కనా? నాటుకు పిలిస్తే యారాలు వస్తెనే వస్తనంటది. యారాలేమో ఆడిబిడ్డ వస్తెనే వస్తనంటది.”

“అచ్చం గంతే!” అంత కంగారులోనూ నిరోషకు నవ్వొచ్చింది.

ఈరవ్వ మాత్రం నవ్వలేదు. “నాటోళ్లు పొలంల దిగి ఎంతసేపాయె! ఇంటి కోడలు ఒక్క కట్ట నారన్న అందియ్యకపాయె. అందరు నన్నే అడుగవట్టిండ్రు.”

నిరోష ఏదో చెప్పబోయేంతలో తెర మీద కదులుతున్న గీత ఆగిపోయింది. కింద ఎర్రటి అక్షరాలు పడ్డాయి. మంచం మీదున్న ఈరవ్వ ఫోన్ టింగుమంది. ఈ రోజు డేటా పూర్తయిందని మెసేజ్.

“ఏమైందే?”

“నీ నెట్టు సుత ఒడిసిందత్తా. అన్నిట్ల పెద్ద ఫైలు సగం దాటింది. గది మల్ల మొదటి సంది దించాలె.”

ఈరవ్వ మంచం మీది ఫోన్ అందుకుంది. “మరి ఇంక దీంతోని నీకేం పని?” అంటూ కొంగు నడుముకు దోపుకుని విసవిసా వెళ్లిపోయింది.

నిరోష అక్కడే కూలబడింది. ఏడుపు ముంచుకొచ్చింది. నెట్ పోతే పోయింది, ఓ మంచి మాట అంటే ఆమె సొమ్మేం పోయేదని అత్త మీద పట్టరాని కోపం వచ్చింది. కాసేపటికి గడియారం చూస్తే ఒంటిగంట దాటింది. కంపెనీకి ఫోన్ చేసి నా వల్ల కాలేదని చెప్పేద్దామని నంబరు నొక్కబోతుండగా వాకిట్లో అలికిడైంది.

నాటు వేసే ఆడవాళ్లంతా మోకాళ్ల దాకా బురదతో లోపలికి వస్తున్నారు. ముందు రాజవ్వ, వెనక ఆమె యారాలు, అంటే తోడికోడలు, ఆ వెనక ఆడబిడ్డ, ఇంకా ఎవరెవరో. అత్త ఏం చెప్పిందో, తనను దులిపెయ్యడానికి పని ఆపి మరీ వచ్చారనుకుంది నిరోష.

రాజవ్వ సద్దిమూట విప్పి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోన్ బయటికి తీసింది.

“ఇగో బిడ్డా, పొద్దటి సంది ముట్టలే. నెట్టంత గట్లనే ఉన్నది. ఎట్ల తీసుకోవాల్నో నువ్వే సూసుకో.”

“నాది సుత పట్టు,” అంది తోడికోడలు. కిటికీలో ఫోన్లు వరుసగా చేరాయి.

నిరోష కళ్లు తుడుచుకుని కూర్చుంది. రాజవ్వ ఫోన్‌తో పెద్ద ఫైలు మళ్లీ మొదలైంది. అందరూ లాప్‌టాప్ చుట్టూ మూగారు.

“ఎంతైందే?”

“సగం, అవ్వా.”

“అబ్బో, మా మనుమని పేరు ఆధార్ల ఎక్కనీకె సుత గింత సేపు వట్టలే!”

పెద్ద ఫైలు దిగేసరికి రాజవ్వ డేటా అయిపోయింది. మిగతా వాటిని తోడికోడలి ఫోన్ లాక్కొచ్చింది. చివరికి ప్యాకేజీ ఎక్కిందని తెర చెప్పగానే నిరోష చిన్నపిల్లలా కేక పెట్టింది. ప్రోగ్రాం నడిచింది. ఆకుల తెగుళ్ల పేర్లు ఒక్కొక్కటే పడ్డాయి. ఆడబిడ్డ ఫోన్ నెట్‌తో జవాబు పంపేసరికి, రెండు కావడానికి ఇంకా కాస్త టైముంది.

ఆడవాళ్లు ఫోన్లు మూటల్లో సర్దుకుంటుండగానే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. అన్నీ సరిగ్గా ఉన్నాయని, సోమవారం నుంచి పనిలో చేరమని అన్నారు.

నిరోష సంతోషం పట్టలేక రాజవ్వ చేతులు పట్టుకుంది. “మా అత్తేమో ఫోను గుంజుకొని పాయె. మీరేమో పని ఇడిసిపెట్టి ఉరికొస్తిరి. మీ రుణం ఎట్ల తీర్సుకోవాలె అవ్వా?”

రాజవ్వ ఆమె తల నిమిరింది. “నువ్వేం తీర్సుడు బిడ్డా? రేపటి సంది మా అందరి పొలాలల్ల తలా ఒక రోజు కూలి లేకుంట నాటేస్తనని మాటిచ్చి మీ అత్తనే మమ్ముల ఈడికి పంపింది.”