మూడో మెట్టు

"కెప్టెన్, ఆ ముసలమ్మని ఇక్కణ్ణుంచి పంపిస్తారా లేదా?"

మదామ్ దాలియా గొంతు ఈతకొలను ఆ చివరిదాకా వినిపించింది. ఆవిడకి మెల్లగా మాట్లాడటం చేతకాదు.

హైసమ్ తలెత్తి చూశాడు. రోజూ కూర్చునే మూడో మెట్టు మీదే, నల్ల ముసుగేసుకుని కూర్చుని ఉంది, హజ్ యాత్ర చేసొచ్చిన హాజ్జా ఇన్సాఫ్. చేతిలో తస్బీ జపమాల. కళ్లు మాత్రం నీళ్ల మీద.

"ఆవిడ ఎవరి జోలికీ రాదుగా మదామ్?"

"జోలికి రావడమంటే వచ్చి కొట్టాలా? పిల్లల్ని ఒక్కొక్కర్నీ ఎలా చూస్తోందో చూడండి. పిల్లా జెల్లా లేని మనిషట. మావాడికి మొన్నట్నుంచి జ్వరం. దిష్టి కాక మరేమిటి?"

మిగతా తల్లులు తలలూపారు. ఒకావిడ గబగబా కూతురి మెళ్లోని నీలం దిష్టిపూసని పైకి కనపడేలా సర్దింది.

హైసమ్‌కి దిష్టి మీద నమ్మకం లేదు. ఉద్యోగం మీద మాత్రం చాలా ఉంది.

నాలుగేళ్లు అలెగ్జాండ్రియాలో యూనివర్సిటీ జట్టుకి ఈది, పతకాలు తెచ్చి, ఇప్పుడే ఈ క్లబ్బులో కోచ్‌గా, అందరి నోటా 'కెప్టెన్'గా మారాడు. మూడు నెలలు చూసి, ఉంచాలో పంపాలో క్లబ్బు పెద్దలు తేలుస్తారు. శనివారం వాళ్ల ముందే పిల్లలకి పోటీ. ఈలోగా తల్లులు మొహం తిప్పుకుంటే ఇంతే సంగతులు.

వెళ్లి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"హాజ్జా, రేపట్నుంచి రాకండి."

"ఆగు నాన్నా." ఆవిడ నీళ్ల మీంచి చూపు తిప్పలేదు. ఒక పూస జరిపింది. ఇంకో పూస. "ఆఁ, ఇప్పుడు చెప్పు."

"తల్లులు భయపడుతున్నారు."

"భయపడాల్సింది నన్ను చూసి కాదు నాన్నా."

"దేవుడి స్మరణేదో ఇంట్లో చేసుకోవచ్చుగా!"

ఆ విసురుకి ఆవిడ నొచ్చుకున్నట్టు లేదు. అతని చేతిలోని స్టాప్‌వాచీ వంక చాలాసేపు చూసింది.

"ముందు వచ్చేవాళ్లని అది చూసుకుంటుంది. చివరివాళ్లని నువ్వు చూసుకో."

వయసు మీద పడింది, ఏదో అంటోందిలే అనుకున్నాడు హైసమ్.

ఆవిడ మోకాళ్లు పట్టుకుని లేచి, మాల అతని చేతిలో పెట్టింది.

"ఉంచుకో. పనికొస్తుంది."

ఆఫీసు గది గోడ మీద పాత ఈతగాళ్ల ఫొటోలున్నాయి. వాటి పక్కనే, వచ్చిన మొదటి రోజు, తన ఫొటో కూడా దర్జాగా పెట్టుకున్నాడు హైసమ్. ఆ మేకుకే మాలని తగిలించి మర్చిపోయాడు.

శనివారం పోటీ అదిరిపోయింది.

మదామ్ దాలియా కొడుకు మురాద్, దిష్టి తగిలిన ఆ మురాదే, అందరికన్నా ముందొచ్చాడు. వాచీ చూసి హైసమ్ ఎగిరి గంతేశాడు. క్లబ్బు పెద్దలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఇక నువ్వు మావాడివే" అని ఒకాయన అతని భుజం తట్టాడు.

పిల్లలు గట్టెక్కి తువాళ్లు చుట్టుకుంటున్నారు.

ఏడేళ్ల జుమానా ఎప్పుడూ ఆఖర్నే వచ్చేది. వాళ్లమ్మ తువాలు విప్పి పట్టుకుని నిలబడింది.

"మా జుమానా ఏది కెప్టెన్?"

హైసమ్ నీళ్ల వైపు తిరిగాడు. నీళ్లలో అలికిడి లేదు.

వాచీతో సహా దూకాడు. అడుగు నుంచి పిల్లని పైకి తెచ్చాడు. ఊపిరి ఊదాడు, గుండె నొక్కాడు. అంబులెన్సువాళ్లు వచ్చి చేతులు పట్టుకుని లాగేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

జుమానా మళ్లీ కళ్లు తెరవలేదు.

జుమానా పోయిన నలభయ్యో రోజు ప్రార్థనలు అయ్యాక తన సామాను తీసుకుపోదామని హైసమ్ క్లబ్బుకి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. గేటు దగ్గరుండే బయూమీ ఏమీ అడక్కుండా ఆఫీసు తాళం తీశాడు.

గోడ మీది తన ఫొటో తీస్తుంటే మాల జారి కింద పడింది. ఏరి చేతిలోకి తీసుకున్నాడు.

తస్బీ మాలకి ముప్పై మూడు పూసలుండాలి. ఇది మరీ పొట్టిగా ఉంది.

లెక్కపెట్టాడు. పద్నాలుగు.

మళ్లీ లెక్కపెట్టాడు. పద్నాలుగే.

అతని దగ్గర ఈత నేర్చుకున్న పిల్లలు పద్నాలుగు మంది.

నేల మీద కూలబడ్డాడు.

"బయూమీ బాబాయ్... ఆవిడ స్మరణ చేసుకోవడం లేదు కదూ?"

"లేదు. పిల్లల తలలు లెక్కపెట్టేది. నోటితో లెక్కపెడితే దిష్టని తల్లులు గోల చేస్తారుగా, అందుకని పూసలు. కొత్త పిల్ల చేరితే ఓ పూస కలిపేది. మానేస్తే తీసేసేది."

"నీకు తెలిసి కూడా నాకు చెప్పలేదా?"

"ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టేసిన నోరు కాలిపోను!" బయూమీ కళ్లు ఒత్తుకున్నాడు. "ఊరంతా నిన్ను దుమ్మెత్తిపోస్తుంటే, ఆవిడొక్కతే గేటు దాకా వచ్చి అడిగింది. 'ఆ కుర్రాడు ఏమైనా తింటున్నాడా' అని."

"నా గురించా?" హైసమ్ తలెత్తి చూశాడు. "ఆవిణ్ణి గెంటేసింది నేను. నా గురించి ఎందుకు బాబాయ్?"

బయూమీ లోపలికొచ్చాడు. గోడ మీది ఓ పాత ఫొటో దింపి, భుజం మీది గుడ్డతో దుమ్ము తుడిచాడు. పొట్టి జుట్టు అమ్మాయి, మెళ్లో యూనివర్సిటీ పతకం, మొహం నిండా నవ్వు.

"నీలాగే చదువైపోగానే కోచ్‌గా ఇక్కడికొచ్చింది. నలభై ఏళ్ల కిందట ఓ పోటీ రోజున, చివరి పిల్లాడు మునిగిపోతుంటే, గట్టు మీద నిలబడి వాచీ చూసుకుంటున్న కెప్టెన్ ఇన్సాఫ్ ఈ పిల్లే."