డ్రైవర్‌కి బొట్టు

చాండ్లర్ శివార్లలోని ఒక విమానాల మ్యూజియంలో రిటైరైన ఇంజినీరు దక్షిణామూర్తి, ఎమ్మెస్ చదివే ఉజ్వల వాలంటీర్లు. దసరా సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ పక్షాన పోరాడిన స్లొవేకియా విమానానికి ఇద్దరూ వాహనపూజ చేశారు. ముక్కుకి బొట్టు పెట్టి, చక్రాల ముందు నిమ్మకాయలు ఉంచారు.

“లోపల ఇంజినే లేదు, ఎలా తొక్కిస్తాం అంకుల్?”

“ఉండనీ అమ్మా, శాస్త్రానికి.”

“డ్రైవర్‌కి కూడా బొట్టు పెట్టాలి కదా,” అంటూ ఉజ్వల కుంకుమ భరిణె పైలట్ సీట్లో ఉంచి, అద్దాల మూత వేసేసింది. “ఆయనే పెట్టుకుంటాడులెండి.”

తాళం వేసి కారు దాకా వెళ్లాక భరిణె గుర్తొచ్చింది. వెనక్కి వచ్చారు.

చీకటి హాల్లో నిమ్మరసం వాసన. దక్షిణామూర్తి ఫోన్‌లో టార్చ్ వేశాడు. కాయలు రెండూ నలిగి, చక్రాల వెనక నేలకి అతుక్కుపోయి ఉన్నాయి.

“మీరు గానీ పుష్ చేశారా అంకుల్?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎక్కడా చప్పుడు లేదు. నిచ్చెన ఎక్కి టార్చ్ లోపలికి చూపించాడు. సీటు ఖాళీగానే ఉంది. భరిణె తెరిచి ఉంది. అద్దానికి లోపలివైపు, కూర్చున్న మనిషి నుదురు ఆనేంత ఎత్తులో కుంకుమ అంటింది.

దాని కింద అద్దం లోపలినుంచి మసకబారింది. తేటపడింది. మళ్లీ మసకబారుతోంది.