ఎవరి చేతి ముద్ద

తల్లి చేతి ముద్ద తినే పిల్లలు ఇంట్లో ఉంటేనే పన్ను తగ్గుతుంది. అది చూడటానికి భోజనాల గదిలో, గోడ మీద సర్కారు కన్ను ఉంటుంది. పదిహేడేళ్ళ హిమజ సాయంత్రాలు మందుల కొట్లో పనికి కుదిరినప్పటి నుంచి ఆమె ఇంకా తల్లి మీద ఆధారపడిన పిల్లేనా అని ఆ కంటికి అనుమానం ఎక్కువైంది.

"నోరు తెరువు!" తల్లి సుభాషిణి పప్పన్నం ముద్ద మూతికేసి నెట్టింది. "నీ బోడి జీతంతో ఉన్న తగ్గింపూ పోయేలా ఉంది."

"ఈ పప్పు కొన్నది ఆ బోడి జీతంతోనే కదమ్మా?"

"అన్నం ముందు కూర్చుని వాగకు."

హిమజకి ఒళ్ళు మండింది. కంచంలోంచి పెద్ద ముద్ద తీసి, ఇంకా తిడుతున్న తల్లి నోట్లో కుక్కింది.

గోడ మాట్లాడింది. "ఇకపై పోషించేది హిమజ. ఆధారపడేది సుభాషిణి. తగ్గింపు కొనసాగుతుంది."

ఉమ్మెయ్యబోయిన సుభాషిణి ఆ మాటకి ఆగి, ముద్ద మింగి, కూతుర్ని కొరకొరా చూస్తూనే మళ్ళీ నోరు తెరిచింది.