పొయ్యికొక మూట

లారీ ఆగగానే దూకబోయిన లెక్కల మాస్టారు కింద బురదను చూసి ఆగిపోయాడు. డ్రైవర్ చేత బల్ల వేయించుకుని దిగాడు. సేవ చేయడానికే వచ్చాడు గానీ, చెప్పులు కొత్తవి.

తుఫాను వెళ్లిపోయి మూడు రోజులైంది. సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో బడికి గోడలు మిగిలాయి, కప్పు మిగల్లేదు. కప్పు పక్క ఊరి పొలంలో దొరికిందట. ఆ గోడల మధ్యే బెంచీ వేయించి మాస్టారు జాబితా తీశాడు. వెనకాల మూటలు పేర్చారు. మూటకింత బియ్యం, సబ్బు, కొవ్వొత్తులు, ఒక మందపాటి దుప్పటి. పక్కన పట్నంవాళ్లు దానం చేసిన పాత బట్టల గుట్ట. అందులో పెళ్లికొడుకు కోటు, మూడు టైలు, ఒంటికాలి ఎత్తుమడమ చెప్పు ఉన్నాయి. దాతల మనసు వెన్న. బీరువాలు మాత్రం ఇరుకు.

మాస్టారి రూలు ఒక్కటే. పొయ్యికొక మూట. ఒక పొయ్యి మీద వండుకునేవాళ్లంతా ఒక కుటుంబం. ఊరివాళ్లకి తప్ప బయటివాళ్లకి లేదు. పొద్దున మొదటి ఊళ్లో, తుఫానుకి చిక్కుకుపోయిన గిన్నెల వ్యాపారి ఒకడు చెయ్యి చాస్తే "మీ ఊళ్లో తీసుకో" అన్నాడు. ఆ ఊరికి వెళ్లే రోడ్డు తెగిపోయిందని అతను చెప్పాడు. రోడ్ల సంగతి మాస్టారి జాబితాలో లేదు.

పడవవాడి భార్య వంతు వచ్చింది. మొగుడు కొట్టుకుపోయిన పడవను వెతుక్కుంటూ వెళ్లాడు. చంకలో ఒక పిల్ల, కొంగు పట్టుకుని ఇంకో పిల్ల. వెనకాల తడిసిన గోనెపట్టా కప్పుకుని ఒక ముసలావిడ దగ్గుతోంది. మూడు రోజుల దగ్గు. దుప్పటి ఒక్కటే వస్తే పిల్లలకి కప్పాలో ఆవిడకి కప్పాలో తెలియని పరిస్థితి.

"రెండు మూటలు కావాలి మాస్టారూ. నాకొకటి, మా అత్తకొకటి."

మాస్టారు కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఇంటి నంబరు ఒకటేగా?"

"ఇల్లు ఒకటే. పొయ్యిలు రెండు. వేరుపడ్డాం."

"ఏవీ పొయ్యిలు?"

"సముద్రంలో ఉన్నాయి. రండి చూపిస్తాను, మెడలోతే ఉంటుంది."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారికి ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు పిల్లల సాకులు విన్న చెవులవి. "ఇలా అయితే ఊరంతా వేరుపడుతుంది. రుజువు కావాలి."

"రుజువా?" అంది ముసలావిడ దగ్గు ఆపుకుని. "దీని చేతి వంట నాలుగు ముద్దలు తిను నాయనా, నువ్వూ వేరుపడతావు. ఇంత సముద్రం పక్కన పెట్టుకుని కూరలో ఉప్పెయ్యడం రాదు దీనికి."

కోడలు గిర్రున తిరిగింది. "ఈవిడ గురక పెడితే బయట తుఫాను వచ్చిన సంగతే తెలీలేదు మాకు."

"ఇది వండిన కూడు తినేకంటే సముద్రంలో దూకడం నయం."

"దూకి చూడమనండి. అరక్క ఒడ్డుకి కక్కేస్తుంది."

"నా కొడుకు బంగారం నాయనా. దీని చేతిలో పడి ఇత్తడైపోయాడు."

ఊరు ఊరంతా నోరు తెరుచుకుని చూస్తోంది. మాస్టారు కలం తీశాడు. "రెండో మూట ఇవ్వాలంటే కొడుకు పేరు రాయాలి. చెప్పండి, ఆ బంగారం పేరేంటి?"

ముసలావిడ ఒక్క క్షణం ఆగింది. వరసలో నవ్వులూ ఆగాయి.

"పెళ్లాం కొంగు పట్టుకుపోయినవాడు నాకు కొడుకే కాదు. వాడి పేరు నా నోట పలకనని ఒట్టేసుకున్నాను."

"ఇందాక బంగారమన్నారు?"

"బంగారమే. తాకట్టులో ఉంది."

పేరు కోడలే చెప్పింది. మాస్టారు రాసుకుని, ఎందుకైనా మంచిదని వరస వైపు తిరిగాడు. "వీళ్లు వేరుపడి ఎన్నాళ్లయింది?"

"ఐదేళ్లు" అన్నాడు వలలు అల్లేవాడు.

"పదేళ్లు" అన్నాడు అదే క్షణంలో మంగలి.

"నాకు పెళ్లయ్యే ఏడేళ్లు" అంది కోడలు, పళ్లు నూరుతూ.

"ఆ నోళ్ల పక్కన కాపురముంటే ఐదు పదిలాగే ఉంటుంది లెండి" అని మంగలి సర్దుకున్నాడు.

డ్రైవర్ మాస్టారి చెవి దగ్గరికి వంగాడు. "ఇచ్చేయండి సార్. ఇద్దర్నీ ఒకే మూటకి కట్టేసి వెళ్తే రేపు పేపర్లో మన పేర్లు పడతాయి."

డ్రైవర్ చెప్పక్కర్లేదు. మాస్టారికి అప్పటికే నమ్మకం కుదిరింది. ఆయన ఇంట్లో తల్లికీ భార్యకీ మధ్య ఇరవై ఏళ్లుగా ఇదే కచేరీ. ఇలా మాట కింద పడకుండా తిట్టుకోవాలంటే ఏళ్ల తరబడి ఒక కప్పు కింద ఉండాలి. రెండు రోజుల్లో పట్టుబడే విద్య కాదని అనుభవం మీద తెలిసినవాడు. తన చేత్తోనే రెండో మూట ఎత్తి ముసలావిడకి అందించాడు.

"కోడలితో కాస్త సర్దుకుపోండమ్మా" అని సలహా కూడా కలిపాడు. సలహాకి జాబితా లేదు.

లారీ మలుపు తిరిగేదాకా ఇద్దరూ ఎడమొహం పెడమొహంగానే నిలబడ్డారు. తర్వాత కోడలు రెండు మూటలూ విప్పింది. ఒక దుప్పట్లోకి పిల్లలిద్దరూ దూరారు. రెండోదాన్ని ముసలావిడ భుజాల చుట్టూ కప్పి, గోనెపట్టా లాగి అవతల పారేసింది. ముసలావిడ దుప్పటి మెడదాకా లాక్కుని, ఒళ్లు వెచ్చబడ్డాక నెమ్మదిగా అడిగింది.

"రోడ్డు బాగుపడి నేను మా ఊరి బస్సెక్కేలోపు మళ్లీ ఎవరైనా వచ్చి అడుగుతారేమో, ఇంతకీ నా కొడుకు పేరేమని చెప్పావమ్మా?"