పక్క బల్ల

షూటింగ్ క్లబ్బులో ఆమె రైఫిల్ పేలింది. పక్క బల్ల దగ్గర ముసలాయన ఉలిక్కిపడ్డాడు. ఆయన గుండు గురి అట్టను వదిలేసి వెనకున్న మట్టిదిబ్బలోకి పోయింది.

"మళ్ళీ గాల్లోకే!" చెవిమూతలు తీస్తూ, ఆయనకు వినపడేలాగే అంది.

ఆయనకు 'గాలి బాబాయి' అని పేరు పెట్టింది ఆమే. ఆయన చేతిలో ఉండేది, నేర్చుకునే పిల్లలు పట్టుకునే చిన్న రైఫిల్. అందరికంటే ముందొచ్చి సరిగ్గా ఆమె పక్కనే చేరతాడు. ఒక్క గుండూ తగలదు. సిగ్గూ లేదు.

"ఎందుకలా ఎగిరెగిరి పడతారు?"

"మొహం మీద గాలి కొడుతోందమ్మా."

"కొట్టదా మరి? దీన్ని మజిల్ బ్రేక్ అంటారు." గొట్టం చివర బిగించిన ఉక్కు ముక్కను, పసిపిల్లాడికి అక్షరం చూపించినట్టు చూపించింది. "గుండు వెనకే మండిన గాలి తోసుకొస్తుంది. ఈ కన్నాల గోడలకు కొట్టుకుని పక్కలకు మళ్ళుతుంది. ఆ కొట్టుకోవడంలో రైఫిల్ని ముందుకు లాగుతుంది. దాంతో వెనక్కి తన్నే జోరు తగ్గిపోతుంది. ఆపరేషనైన ఈ అతుకుల భుజంతో నేను పేలుస్తున్నానంటే దీని చలవే. బుర్రకెక్కిందా?"

"ఎక్కిందమ్మా." ఆయన చెవి నలుపుకున్నాడు.

ఆమె విసురుగా లేచి క్లబ్బు సెక్రటరీ గదికి వెళ్ళింది.

"ఎంపిక పోటీలు దగ్గరపడ్డాయి సార్. ఆయన పక్కనుంటే నా గురి చెడుతోంది. అక్కణ్ణించి లేపేయండి."

"ఆయన్నా? ఇంకోసారి ఆలోచించమ్మా."

"ఆలోచించడానికేముంది? దండగ మనిషి."

గుమ్మంలో నిలబడ్డ ముసలాయన ఆ మాట విన్నాడు. రైఫిల్ సంచీ పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయాడు.

మర్నాడు పక్క బల్ల దగ్గర ఎవరో కొత్తాయన. పీడ విరగడైందనుకుంది ఆమె. అంతలో సెక్రటరీ వచ్చాడు.

"ఆ బ్రేక్ విప్పెయ్యమ్మా."

"ఎందుకు?"

"దాని దెబ్బంతా పక్కవాళ్ళకే. వాళ్ళు ఒప్పుకుంటేనే బిగించాలి. ఈయన ఒప్పుకోనంటున్నారు."

"ఇంకెవరినైనా అడగండి."

"నువ్వు చేరినప్పుడే అందర్నీ అడిగాను. నిన్న నువ్వు లేపేయమన్న ఆయనొక్కడే సరేనన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు."

ఆమె ఉక్రోషంగా బ్రేక్ విప్పేసి పేల్చింది. రైఫిల్ గుర్రంలా తన్నింది. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. మరోసారి ఎత్తబోతే చెయ్యి లేవలేదు.

రైఫిల్ని బల్ల మీద పెట్టేసింది. "ఆయన్ని పిలిపించండి సార్. కాళ్ళు పట్టుకుంటాను."

"పొద్దున్నే ఫోన్ చేశాను. వాళ్ళావిడ తీసింది. ఆయనకు ఒక చెవి పూర్తిగా పోయిందట. రెండోదైనా దక్కాలంటే ఇటు రావద్దని డాక్టర్ ఎప్పుడో చెప్పాడట. ఆ పిల్ల ఎంపికయ్యేదాకా ఆగు అని ఇన్నాళ్ళూ ఆవిడకు సర్దిచెప్పాడట. నిన్న ఇంటికెళ్ళి, ఇక వెళ్ళనన్నాడట."

ఆమె తల వాలిపోయింది. "గురి కూడా కుదరని మనిషి... నా కోసం ఇదంతా ఎందుకు సార్?"

"గురి కుదరకపోవడమేంటమ్మా, ఒకప్పుడు ఈ క్లబ్బు ఛాంపియన్, భుజం దెబ్బతిని ఇలాంటి బ్రేకే తెచ్చుకుంటే, పక్కన కూర్చునే మనిషి ఒక్కడూ దొరక్క ఆట మానేసింది ఆయనే."