పోగు మీద మసి

“నేనక్కడ లేను మేడమ్.”

పంపు మొదలై యంత్రపు ఉక్కు పెట్టెలోంచి గాలి లాగుతున్నప్పుడల్లా ల్యాబ్ మేడమ్‌కి ఆ మాటే వినిపిస్తుంది. కోర్టు బోనులో నిలబడి, జడ్జిని వదిలేసి, ఆమె వంకే చూస్తూ అన్నాడు మెకానిక్.

గోదాము తగలబడి ముగ్గురు పోయారు. నిప్పు పెట్టింది మెకానిక్కేనన్నారు. అతని చొక్కా చేతి అంచు నుంచి తీసిన దారప్పోగు మీద మసి ఉందని రిపోర్టు రాసింది ఈమే. ఆ కాగితం మీదే ఉరిశిక్ష పడింది.

అప్పట్లో యంత్రాలు రెండూ రెండు గదుల్లో ఉండేవి. ముందు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పోగును ఫొటో తీసింది. తర్వాత పక్క గదికి పట్టుకెళ్ళి రామన్ లేజర్ కింద పెట్టింది. ఏ పదార్థమో చెప్పేది ఆ లేజరే. మసి అంది.

ఇప్పుడా రెండూ ఒకే పెట్టెలో అమర్చి వచ్చాయి. లోపల గాలి ఉండదు, పోగును కదపక్కర్లేదు. అప్పుడు ఏ యంత్రం కిందా పెట్టకుండా బీరువాలో మిగిల్చిన పోగు ముక్కను ఆమె బయటికి తీసింది.

“చేతులు కాలాక ఆకులెందుకు మేడమ్?” అన్నాడు అటెండరు.

“నువ్వెళ్ళి ఆవిడకి మంచినీళ్ళివ్వు.”

వరండా బెంచీ మీద మెకానిక్ తల్లి పొద్దుటి నుంచీ కూర్చునే ఉంది.

“ఈ రోజైనా తేలుతుందా తల్లీ?” అంది గుమ్మంలో మేడమ్‌ను చూసి. “వాడు నన్ను నిద్రపోనివ్వట్లేదు. ఏమైందమ్మా, ఏమైందమ్మా అని ఒకటే అడుగుడు.”

మేడమ్ తల దించుకుని లోపలికి వెళ్ళింది.

ఈసారి ముందు లేజర్ వేసింది. తెర మీద ఉత్త నూలు. మసి జాడే లేదు. అదే చోట ఎలక్ట్రాన్లతో ఫొటో తీసింది. మళ్ళీ లేజర్ వేసింది.

మసి!

యంత్రం అబద్ధమాడదంటారు, నిజమే, అడిగే వరస తెలిసినవాళ్ళకి. ఎలక్ట్రాన్ల దెబ్బకి పోగే మాడింది. ముందు చేయాల్సింది వెనక చేసింది తను.

రిపోర్టు తిరగరాసి, సంతకం పెట్టి, వరండాలోకి పరుగెత్తింది.

“అమ్మా, మీవాడు ఏ తప్పూ చేయలేదు. తప్పు నాది.”

పెద్దావిడ తిట్టలేదు. కాగితాన్ని గుండెలకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

“నువ్వూ రా తల్లీ. ఆ మాట వాడికి నీ నోటితోనే చెబుదువుగాని.”

ఇద్దరూ వీధి మలుపులో నిలబడ్డారు.

జైలు మీదుగా పోయే బస్సు వచ్చి ఆగితే కదలకుండా చూస్తూ ఊరుకుని, దాని వెనకాలే వచ్చిన శ్మశానం బస్సు ఎక్కారు.