పుట్టగొడుగు చోటు

వానలు మానేశాక అనంతగిరి కొండకు పొగమంచు చల్లే గొట్టాలే దిక్కయ్యాయి. అంతరించిపోయే వాటిలో ఏది ఇంకా బతికుందని లెక్కలో తేలితే, గొట్టం దాని దగ్గరికే వేస్తారు. ఈ ఏడు లెక్క తేల్చాల్సినవి రెండే: పైన్ చెట్టు, ఎర్ర పుట్టగొడుగు.

లెక్క రాసుకునే యంత్రానికి జవాబు చెప్పే పని దొయిమతిది. పైన్ చెట్లు పదకొండని చెప్పింది. పుట్టగొడుగు ఎక్కడుందని యంత్రం అడిగితే మాత్రం లేదంది. అది మొలిచే చోటు తల్లి కూతురికే చెప్పాలి, పరాయి చెవిన వేయకూడదు.

వారంలో పైన్ చెట్లు తడిసి నిగనిగలాడాయి. బండ వెనక పుట్టగొడుగు మొలిచే నేల నెర్రెలిచ్చింది.

"నువ్వే కదమ్మా సెప్పొద్దన్నావు?" అంది దొయిమతి, ఆ నేల తడుముతూ.

"దొంగోళ్లకి సెప్పొద్దన్నాను. నీల్లిచ్చేవోళ్ల దగ్గర దాసమన్నానేటే, ఎర్రిదానా!" అంది తల్లి. "ఆ సెట్టుకి దాక్కోడం రాదు. అందుకే బతికిపోయింది."

దొయిమతి ఇంటికి పరుగెత్తి, ఆ రోజు తాగడానికి ఇచ్చిన ఒక్క బిందె నీళ్లూ ఎత్తుకొచ్చి నెర్రెల్లో వంచింది.

"మరి మనకేటే?" అంది తల్లి.

దొయిమతి బిందె ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉంది.